ఊగే బొమ్మ ఆగేదాకా

తిరుపతి,
సోమవారం

బావకు,

నీ జెస్సీ రాస్తున్నది. నేను బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది. నువ్వు బాగున్నావా అని అడిగితే ఎలాగూ "ఆఁ" అంటావు. అందుకే ఆ రెండూ వదిలేసి మొదలుపెడుతున్నాను. ఈ క్యాంపులో ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు, ఆదివారం ఒక గంట చేతికిస్తారు. ఇచ్చినా ఈ సంగతి నేను ఫోనులో చెప్పలేను. శ్రీ సిటీ కంపెనీ బస్సులో నిలబడి, ఆ రొదలో సగం విని సగం వదిలేస్తావు. కాగితమైతే మొత్తం చదవక తప్పదు నీకు.

శనివారం సెలెక్షన్. మేం తొమ్మిదిమంది ఆడ కానిస్టేబుళ్లం ఉన్నాం, అందులో నలుగురిని పోటీలకు తీసుకుంటారు. వచ్చిన కొత్తలో నేను రెండో స్థానంలో ఉన్నాను. ఇప్పుడు ఏడు. నిలబడి ఉండే అట్టబొమ్మలు, ఇనుప పలకలు, పరిగెత్తుతూ కాల్చేవి, గోడ కన్నంలోంచి కాల్చేవి, అన్నిట్లో నాకు మంచి మార్కులే వస్తున్నాయి. నన్ను ముంచుతున్నది ఊగే బొమ్మ ఒక్కటే.

ఇక్కడిది నువ్వు చూడలేదు కాబట్టి చెబుతాను. ముందు ఒక ఇనుప పలకను కాల్చాలి. అది వెనక్కి పడుతూ తీగను లాగుతుంది. తీగ ఊడగానే గోధుమరంగు అట్టబొమ్మ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. దాని ముందు తెల్ల అట్ట ఒకటి కదలకుండా నిలబడి ఉంటుంది. తెల్లది అమాయకుడి కింద లెక్క, దానికి తగిలితే మార్కులు కోస్తారు. ఊగేది ఆ తెల్లదాని చాటునుంచి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి బయటపడి, తిరిగే చోట రెప్పపాటు నిలుస్తుంది. దాని వెంట తుపాకి తిప్పుతూ పోతే పని జరగదు. అది నిలిచే చోట ముందే గురిపెట్టి కాచుకుని, ఆ రెప్పపాటులో రెండు గుళ్లు దించాలి.

కాచుకోవడం నాకు బాగానే వచ్చు. అది మొదటిసారి బయటికి వస్తుంది. ఎంతదూరం వచ్చింది, ఎక్కడ నిలిచింది చూసుకుని, మళ్లీ వచ్చినప్పుడు కాలుద్దామని ఆగుతాను. ఇంట్లో అలాగే అలవాటైంది. ఇక్కడ మళ్లీ వచ్చేది ముందులా ఉండదు బావా. దానికి కింద కట్టిన బరువు తక్కువ, ఊపు ఊపుకీ తగ్గిపోతుంది. సగం బయటపడుతుంది, ఆ తర్వాత అంచు మాత్రం కనిపిస్తుంది, ఆ తర్వాత అదీ లేదు. నేను కంగారుపడి కాలుస్తాను. నిన్న వరసగా తెల్లదానికే తగిలాయి.

మా కోచ్ దామోదరం సార్ మంచివాడే, కానీ నోరు గట్టిది. నిన్న సాయంత్రం అందరి ముందూ పిలిచి అడిగాడు.

"ఇంటికాడ దీన్ని ప్రాక్టీసు చేస్తాండానంటివే, ఎవురమ్మా నీకు ఊపేది?"

మా ఆయన సార్, అన్నాను. దేనికి కట్టి ఊపుతాడని అడిగాడు. పైన కొక్కెం ఉంది సార్, అట్టకు తాడు కట్టి పక్కన మంచం మీద కూర్చుని లాగుతాడు అని చెప్పాను. ఆయన నవ్వేశాడు.

"అదీ సంగతి. మీ ఆయన ఉయ్యాల ఊపినట్టు ఊపినాడు. ఉయ్యాలను ఎవురూ ఆగనీరు గదా, ఊపతానే ఉంటారు. నువ్వు అది మళ్లా వస్తాదని కాసుకోనుండావు. ఇది రాదమ్మా. ఆగిపోతాది."

మిగతావాళ్లు కూడా నవ్వారు. ఆయన తప్పేమీ లేదు. మనకు పాప పుట్టిందని గానీ, మూడో నెల నిండకుండానే పోయిందని గానీ ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను చెప్పుకోలేదు. ఇసుక బస్తాల వెనక్కి వెళ్లి, తూటాల గొట్టాలు ఏరుతున్నట్టు వంగి, కళ్లు తుడుచుకుని వచ్చాను.

ఆ తర్వాత నాకు వచ్చింది దుఃఖం కాదు, కోపం. అది నీ మీద. ఇన్నాళ్లు దాచుకున్నాను, ఇక దాచలేను, రాసేస్తున్నాను. పాప ఉయ్యాల కట్టిన కొక్కానికి ఆ అట్టను ఎలా కట్టగలిగావు బావా? ఇంట్లో దూలం లేదా, వాకిట్లో రేకుల షెడ్డు లేదా? సెలవుకు వచ్చిన ప్రతిసారీ నువ్వు చేయించి ఇచ్చిన ఆ కట్టె పిస్తోలు పట్టుకుని, పాప పడుకున్న చోటికి గురిపెట్టి నిలబడ్డాను. నువ్వేమో తాడు లాగుతూ కూనిరాగం తీసేవాడివి. హాయిగా, చెట్టు కింద కూర్చున్నవాడిలా. ఈ మనిషి మర్చిపోయాడు, వీడికి ఆ కొక్కెం బట్టలు తగిలించుకునే మేకుతో సమానం అనుకునేదాన్ని. అనుకుని, పళ్లు బిగించి, తుపాకి ఎత్తేదాన్ని. పోలీసుదాన్ని కదా, గట్టిదాన్నని అందరికీ నమ్మకం.

సెలెక్షన్‌లో ఏమైనా కానీ, ఒకటి తేల్చుకున్నాను. ఆ కొక్కెం అక్కడ ఉన్నంతకాలం నేను ఆ ఇంటికి రాను. స్లాబులో పోసింది కాబట్టి ఊడదని చెప్పొద్దు, కోసెయ్. నువ్వు కొయ్యకపోతే నా డ్యూటీ ఉన్న చిత్తూరులో, పోలీసు లైన్లలోనే గది అడుగుతాను, ఒంటరి ఆడవాళ్లకు ఇస్తారు. ఇది బెదిరింపు కాదు. నాకు చేతకావడం లేదు, అంతే. అత్తకు నా వందనాలు చెప్పు, కాలి వాపుకు మాత్రలు మానొద్దని చెప్పు.

జెస్సీ


సత్యవేడు,
బుధవారం

జెస్సీకి,

నీ ఉత్తరం నిన్న అందింది. నాకు నీలాగా రాయడం చేతకాదు, చదవడం మాత్రం వచ్చు. నిన్నటినుంచి అదే పని. ఈ రోజు డ్యూటీకి పోలేదు. ముందు కోపం చెప్పేస్తాను, అది అయిపోతే మిగతాది రాయగలనేమో.

నేను మర్చిపోయానని రాశావు. పాపను మట్టిలో పెట్టి వచ్చాక నెల తిరగకుండానే నువ్వు యూనిఫాం వేసుకుని బస్సెక్కావు. బెల్టు బిగించుకుంటూ, టిఫిన్ డబ్బాలో పచ్చడి వేశావా అని అమ్మను అడిగావు. ఆ రోజు వాకిట్లో నిలబడి నేనేమనుకున్నానో తెలుసా? దీనికి గుండె రాయి, ఇది కడుపుకోత పడ్డ మనిషి కాదు అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు. నువ్వు తుపాకి పోటీలంటూ మొదలుపెట్టినప్పుడు ఇంకా మండింది. కానీ కాల్పుల కబుర్లు చెప్పేటప్పుడు నీ ముఖంలో కొంచెం రక్తం కనిపించేది. అందుకే నోరు మూసుకుని, వడ్రంగి దగ్గరికి పోయి ఆ కట్టె తుపాకి చేయించాను.

ఆ అట్టను అక్కడ కట్టింది నేనే, కాదనను. కానీ ఆ పొద్దు ఏం జరిగిందో నీకు గుర్తులేదు. అట్ట చంకలో పెట్టుకుని, దీన్ని యాడ కట్టేది జెస్సీ అని నిన్నడిగాను. నువ్వు తల ఎత్తి పైకి చూశావు. నేను నీ చూపు వెంట చూస్తే అక్కడ కొక్కెం. నువ్వు ఆ చోటు చెప్పావనుకున్నాను. నీకు ఇష్టమైతే నాకేమి అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, నువ్వు ఆ గదిలో ఎప్పుడు నిలబడ్డా పైకే చూసేదానివని.

ఇక అసలు మాట. పాపను పెట్టి వచ్చిన సాయంత్రమే అమ్మ ఆ ఉయ్యాల చీర విప్పి మడిచేసింది. నేను షిఫ్టు నుంచి వచ్చి, పాప ఉన్నప్పుడు ఉయ్యాల తాడు లాగిన ఆ మంచం మీదే పడుకునేవాణ్ణి. నిద్రలో నా కుడిచెయ్యి దానంతట అది లాగేది, ఉత్త గాలిని. ఫ్యాక్టరీలో లైను దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూడా లాగేది. పక్కవాడు చూసి చెయ్యి నొప్పా అని అడిగాడు, అవునన్నాను. చాలా నెలలు అలా గడిచింది. ఆ తర్వాత నువ్వు ఊగే బొమ్మ కావాలన్నావు. ఆ తాడు నా చేతికి రాగానే చెయ్యి నెమ్మదించింది జెస్సీ. ఆ పూట ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

నేను నీ ప్రాక్టీసు కోసం ఊపలేదు. నువ్వు గురి పెట్టావా, ఎప్పుడు నొక్కావు, ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్లన్నీ తాడు మీదే. అది మెల్లగా అవుతుందంటే నాకు గుబులు పుట్టేది, వెంటనే లాగేవాణ్ణి. ఆగితే చూడలేను, అంతే సంగతి. నీ ఆట చెడింది నావల్లే. దానికి ఎంతైనా తిట్టు, పడతాను. కూనిరాగం మాట చదివి నాకే ఆశ్చర్యం వేసింది. నేను పాడతానా అని అమ్మను అడిగితే, "పాపకు పాడేది అదే గదరా, పాడతానే ఉంటావు" అంది. నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఈ రోజు పొద్దున కొక్కెం కొయ్యాలనే స్టూలు ఎక్కాను. ఇనుము కోసే బ్లేడు తెచ్చుకున్నాను. అమ్మ నీ పక్షమే. "కోడలు కావాల్నా, ఆ ఇనుపముక్క కావాల్నా నీకు? కొయ్యి" అని కింద స్టూలు పట్టుకుని నిలబడింది. నాలుగు గీతలు గీశాను. ఇనుప పొడి అమ్మ తలమీద రాలింది. స్టూలు ఊగుతోందేమిటని కిందికి చూస్తే అమ్మ దాన్ని వదిలేసి కొంగుతో ముఖం కప్పుకుంది. "దిగిపో నాయనా, నావల్ల గాదు" అంది. ఇద్దరం అక్కడే నేలమీద కూర్చుండిపోయాం. చాలాసేపటికి లేచి అన్నం వండుకున్నాం.

కాబట్టి నేను కొయ్యను. నువ్వు ఇంకేది అడిగినా చేస్తాను, ఇది చెయ్యను. ఇంటికి రానంటే నేనే చిత్తూరు వచ్చి మీ లైన్ల గేటు ముందు కూర్చుంటాను. పోలీసులు లోపలేస్తే వెయ్యనీ, నా పెళ్లామే పోలీసు, విడిపించదా? మీ సారు చెప్పింది నిజమే, ఉయ్యాల కానిది ఆగిపోతుంది. ఆ మాట నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. శనివారం బాగా కాల్చు. అమ్మ ప్రార్థన చేస్తానంది, నేను కూడా.

సుకుమార్


తిరుపతి,
శనివారం సాయంత్రం

బావకు,

ఈ ఉత్తరం కోమలి వాళ్ల అన్నయ్య చేతికి ఇస్తున్నాను. కోమలి కూడా ఈ తొమ్మిదిమందిలో ఒకతె, నా పక్క మంచమే, వాళ్లది వరదయ్యపాళెం. ఆయన రేపు మన ఊరిమీదుగానే పోతాడు. రేపు ఫోన్లు ఇస్తారు, కానీ నేను చెయ్యను. నువ్వు కూడా చెయ్యొద్దు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం మెస్సు లైనులో ఉండగా ఇచ్చారు. కంచం ఒక చేత్తో పట్టుకుని చదివాను. కోమలి నా ముఖం చూసి సాంబారు అంత కారంగా ఉందా అంది. ఇంకా వడ్డించుకోలేదు నేను. గుండె రాయి అనుకున్నావని రాసిన చోట నీమీద మళ్లీ కోపం వచ్చింది. ఆ పచ్చడి మాట నాకు గుర్తుంది. ఆ రోజు ఏదో ఒకటి మాట్లాడకపోతే బస్సు దాకా నడవలేనని అడిగాను బావా, పచ్చడి కోసం కాదు. నీ చెయ్యి సంగతి చదివాక మాత్రం కంచం అక్కడే పెట్టేసి వచ్చేశాను. సెలవుకు వచ్చినప్పుడల్లా నీ పక్కన పడుకుని కూడా, ఆ చెయ్యి గాలిని లాగడం నేను చూడలేదు. నా బాధ లెక్క చూసుకోవడంలోనే ఉన్నాను, నీది నా కంటపడలేదు.

ఈ రోజు సెలెక్షన్ అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నానికి నేను నాలుగో స్థానానికి వచ్చాను. ఊగే బొమ్మ ఉన్న పందెం చివరిది. అది గట్టెక్కితే నా చోటు ఖాయమని లెక్క వేసుకున్నారు అందరూ. దామోదరం సార్ దగ్గరికి వచ్చి, "మొదటి రాకకే కాల్చమ్మా, రెండోది ఉందనుకోవద్దు" అని చెప్పి తన చోటికి వెళ్లాడు. బజరు మోగింది. ఇనుప పలక పడింది. పక్కన కదలకుండా ఉన్న ఇంకో గోధుమరంగు అట్టలో రెండు గుళ్లు దించి, కుడివైపు గాలిలోకి గురిపెట్టి కాచుకున్నాను. బొమ్మ తెల్లదాని చాటునుంచి నిండుగా బయటికి వచ్చి నిలిచింది. రెండూ దించాను. రెండూ నడిమధ్యలో. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అంత బాగా కాల్చలేదు నేను.

ఇక మిగిలింది ఎడమవైపు మూడు ఇనుప పలకలు. నాకు అవి కళ్లు మూసుకున్నా పడతాయి. వెంటనే తిరగాలి, గడియారం నడుస్తూనే ఉంది. నేను తిరగలేదు.

బొమ్మ ఇంకా ఊగుతోంది. ట్రిగ్గర్ మీదినుంచి వేలు తీసేసి, తుపాకి ఎదురుగా మట్టికట్ట వైపు దించి, దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎవరూ తాడు లాగడం లేదు. సగం వచ్చింది. తర్వాత కొంచెం వచ్చింది. అంచు ఒకసారి కనిపించి లోపలికి పోయింది. ఆ తర్వాత తెల్ల అట్ట ఒక్కటే ఉంది. అది ఆగిపోయింది బావా. నువ్వు చూడలేనన్నది నీ బదులు కూడా నేనే చూశాను. ఇది ఆగితే నేను ఉండలేను, పడిపోతాను అని లోపల ఎక్కడో భయం ఉండేది నాకు, పాపను పోగొట్టుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన రోజునుంచీ. ఆగింది. నేను పడిపోలేదు. నా కాళ్లమీదే ఉన్నాను. అప్పుడు ఎడమకు తిరిగి ఆ మూడు పలకలూ పడగొట్టాను.

నా చోటు పోయింది. అంతసేపు నిలబడితే ఉంటుందా మరి. ఐదో దాన్నయ్యాను. నాలుగోది కోమలికి వచ్చింది. అది నన్ను పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చింది. నాకు బాధగా లేదని రాయను. ఆ చోటు నాకు చాలా కావాలి, ఇప్పుడు కూడా కావాలి. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని దానికోసమే ఏడ్చాను. కానీ మళ్లీ ఆ గీత దగ్గర నిలబెట్టినా అలాగే చూస్తాననిపిస్తుంది. ఏమి మనిషినో నేను.

దామోదరం సార్ నన్ను పక్కకు పిలిచి, తుపాకి మొరాయించిందా అని అడిగాడు. ఆయన గొంతులో అది నిజమైతే బాగుండునన్న ఆశ ఉంది, అప్పుడు మళ్లీ కాల్చనిస్తారేమోనని. లేదు సార్, బొమ్మ ఆగేదాకా చూసినాను అన్నాను. ఆయన నోరు తెరవబోయాడు. అంతలో నేనే పాప సంగతి చెప్పేశాను. ఉయ్యాల కట్టిన కొక్కెమే సార్ అది, మా ఆయన ఆగనిచ్చేవాడు కాదు అని చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. 

"నాకు చెప్పకపోతివే జెస్సీ. నేనేమో నవ్వితిని."

నా బాధ ఇంటి మనిషికే చెప్పుకోలేదు సార్ అన్నాను. వచ్చే ఏడు మళ్లీ రమ్మన్నాడు. వస్తానో రానో తెలియదు. వస్తాననే అనుకుంటున్నాను.

మంగళవారం పొద్దున మమ్మల్ని వదిలేస్తారు. నేను ఇంటికే వస్తాను, చిత్తూరు పోను. గది అడగలేదు, అడగను. కొక్కెం కొయ్యొద్దు. నువ్వు గీసిన గీతలు గీసినట్టే ఉండనీ. అట్ట మాత్రం విప్పెయ్, తాడు విప్పెయ్. అత్త ఆ చీర ఎక్కడ పెట్టిందో అడగొద్దు, దాన్ని కట్టొద్దు. నేను వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండకూడదు. ఖాళీగా ఉన్న ఆ కొక్కాన్ని నువ్వొక్కడివే చూశావు, నేనొక్కదాన్నే చూశాను. ఇద్దరం ఒకచోట కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజుకు నీది ఏ షిఫ్టయినా సెలవు పెట్టు. నీ చెయ్యి లాగుతుందేమో, నేను పట్టుకుంటాను. నేను ఏడుస్తాను, ముందే చెబుతున్నాను. నేను పాప మాట ఎత్తబోయినప్పుడల్లా నువ్వు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయేవాడివి. ఈసారి వెళ్లొద్దు. నువ్వూ ఏడువు బావా. నేను చూడాలి.

జెస్సీ